సంతకం చోటు

ఆప్షన్లు పెట్టుకోవడానికి రాత్రి తొమ్మిది వరకే గడువు.
సోంపేట నెట్ సెంటర్ కుర్రాడు
తెర మీద రెండు పేజీలు తెరిచి కూర్చున్నాడు.
ఒకదాన్లో ఎంబీబీఎస్,
మూడోసారి రాస్తే వచ్చిన ర్యాంకు, ఇరవయ్యారేళ్ళకి.
ఇంకోదాన్లో ప్రసూతి నర్స్ ప్రాక్టీషనర్,
పద్దెనిమిది నెలలు.
"ఏది నొక్కీమంటారు మేడమ్?"
టీ తాగొస్తానని బయటికొచ్చాను.
తాగలేదు.

జీడిపప్పు వేయించిన వాసన
ఏ బస్సు దిగిందో వీధంతా తిరుగుతోంది.
ఆ వాసనకి తవిటమ్మ గుర్తొస్తుంది నాకు.
పలాసలో పదకొండేళ్ళు పిక్కలు కొట్టిన చేతులు,
జీడి సొన తిని తిని
వేళ్ళ చివర్లు నున్నటి నల్లరాళ్ళు.
రేషన్ మిషను మీద ఆమె వేలు పడదు.
"నానే నానమ్మా, ఆ మిషనుకి సెప్పు" అంటుంది.

మా సబ్‌సెంటర్ బల్ల మీద కాళ్ళు చాపినప్పుడు
చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాను.
గుంట పడింది. లేవలేదు.
రిపోర్టు రాకముందే నాకు తెలుసు.
వచ్చాక కాగితానికీ తెలిసింది.
పెద్దాసుపత్రికి పంపాలని నా చేత్తోనే రాశాను,
అడుగున సంతకం చోటు ఖాళీగా వదిలాను.
అది నాది కాదు.

రెండు పీహెచ్‌సీలు చూసుకునే డాక్టరుగారు
మంగళవారం వస్తారు. రాలేదు.
పైవారం వచ్చారు.
తల ఎత్తకుండా సంతకం పెడుతూ
"ఈవిడ పేరేంటి?" అని నన్నడిగారు.
పేరు ఆయన పెన్ను కిందే ఉంది.
బయట నూట ముప్పై మంది వరసలో ఉన్నారు,
ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తిట్టుకోలేకపోయాను.
ఆమె వేలు పడదు, నా సంతకం చెల్లదు,
మా ఇద్దరి మధ్యా తొమ్మిది రోజులు పోయాయి.

మరైతే డాక్టరే అయిపోవచ్చు కదా!
తెల్లకోటు మీద ఆశ లేదని ఎవరన్నారు?
ఇంటర్లో బయాలజీ పుస్తకం అట్ట లోపల
పేరు ముందు ఆ రెండక్షరాలూ రాసుకుని
మళ్ళీ బ్లేడుతో గీకేసినదాన్ని.
ఊళ్ళో ఇప్పుడే "డాట్రమ్మా" అంటారు.
ఒకప్పుడు సరిదిద్దేదాన్ని.
ఈమధ్య సరిదిద్దడం లేదు.

విజయనగరంలో మాకు పని నేర్పిన లోలాక్షి సిస్టర్‌కి
నిన్న ఫోన్ చేశాను.
"పిల్లని పట్టుకునేది మన చేతులు,
పుట్టిందని రాసేది వాళ్ళ పెన్ను.
ఏది కావాలో నువ్వే చూసుకో."
రెండూ ఒకరికే ఎందుకుండకూడదన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
వెనక కుక్కర్ కూత.
"మా కాలంలో అడగలేదే" అంది.

కరెంటు స్తంభం కింద నిలబడి
బస్ టిక్కెట్టు వెనక లెక్క రాశాను.
ఐదున్నరేళ్ళు, ఆపైన పీజీ అంటే ఇంకో మూడు.
తవిటమ్మ కిడ్నీలకి అన్నేళ్ళ ఓపిక లేదు.
ఆమె కోడలికి ఇప్పుడు ఐదో నెల.
టిక్కెట్టు చిన్నది, లెక్క మధ్యలో ఆగిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది.
"ఓలమ్మా, నాను తవిటమ్మని.
ఆ తెల్ల బిళ్ళ బువ్వకి ముందా, తరవాతా?"
"తరవాత. ఉప్పు చేప మానేశావా?"
"మానీసినాను" అంది, మరీ బేగి అంది.
అబద్ధమని ఇద్దరికీ తెలుసు.
రేపు వస్తానన్నాను.

లోపలికి వెళ్ళి "మొదటిది మూసెయ్" అన్నాను.
"సూసుకోండి, మళ్ళీ రాదు మేడమ్."
"తెలుసు."
త్యాగమని మాత్రం ఎవరూ అనకండి.
మూసుకున్న పేజీ వైపు చాలాసేపు చూశాను,
కడుపులో మంట, ఏడుపు కాదు,
ఆ ఖాళీ గీత ఎవరిదని
ఎక్కడో ఒకచోట కూర్చుని పోట్లాడాలి.

అభ్యర్థి సంతకం అన్నచోట పెట్టి ఇచ్చాను.
స్కాన్ చేసి తల గోక్కున్నాడు.
"పెట్టెలో పట్టట్లేదు మేడమ్,
కాస్త సిన్నగా పెట్టండి."

కొత్త కాగితం మీద
మళ్ళీ అంతే పెట్టాను.
"ఇంకోసారి చూడు" అన్నాను.